పల్లకీకి అటు కొస

మా పిన్నికి దేవుడి మీద కోపం లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లేస్తారు. బాబాయి జబ్బుచేసి పోయాక పిన్నికి నమ్మకం పోయిందని మా వీధిలో ఒక కథ ఉంది. చిన్నప్పుడు కోరుకున్నదేదో జరగలేదని ఇంకో కథ. రెండూ శుద్ధ అబద్ధం. అసలు లేనిది పోయేదేముంది? చిన్నతనంలో అక్కాచెల్లెళ్ళిద్దరినీ ప్రార్థనకు కూర్చోబెడితే మా అమ్మకు కన్నీళ్ళు వచ్చేవట, పిన్నికి నిద్ర వచ్చేదట. నీకేమీ అనిపించదటే అని మా అమ్మమ్మ అడిగితే, అనిపించడం లేదమ్మా, అనిపించినట్టు ఉండమంటే ఉంటాను అందట. అలా ఉండక్కర్లేదు, పోయి పడుకో అందట అమ్మమ్మ. ఆవిడా పుల్ల విరిచినట్టు మాట్లాడే మనిషే.

నేను మాత్రం నమ్ముతాను. మా అమ్మలా పొద్దున్నే లేచి నమ్మేంత ఓపిక లేదు. ఒంట్లో బాగోలేనప్పుడూ, ఏదైనా పోగొట్టుకున్నప్పుడూ గట్టిగా నమ్ముతాను. దొరికాక మరిచిపోతాను. కాబట్టి ఈ విషయంలో తీర్పులిచ్చే అర్హత నాకు లేదు. కానీ మా షెడ్డులో జరిగింది కళ్ళారా చూసినదాన్ని, చెప్పకుండా ఉండలేను. ఎవరికైనా గుచ్చుకుంటే గుచ్చుకోనీ.

రెండు గదుల ఇంట్లో అమ్మ, పిన్ని, నేను ఉంటాం. పొద్దున్నే అమ్మ ముందుగదిలో ప్రార్థనకు కూర్చుంటే, పిన్ని వంటింట్లో పిల్లిలా తిరుగుతుంది. కుళాయి సన్నగా తిప్పుతుంది. నీళ్ళు చప్పుడు చేయకుండా గిన్నెలో గుడ్డ వేస్తుంది. పాలవాడు తలుపు కొట్టకముందే వెళ్ళి తెరుస్తుంది. నేను పొరపాటున గట్టిగా ఆవలిస్తే కళ్ళురుముతుంది. దేవుణ్ణి నమ్మని మనిషి ఇంట్లో ప్రార్థనకు ఇంత కాపలా ఉండటం నేనెక్కడా చూడలేదు. అమ్మ ప్రార్థన చివర, మా చెల్లికి మంచి బుద్ధి ప్రసాదించు తండ్రీ అని ఒక మాట ఉండేది. ఆ ఒక్కమాటా వంటింట్లోకి వినపడేంత గట్టిగా ఉండేది. పిన్ని టీ కప్పు తెచ్చి చేతికిచ్చి, ఇవాళైనా జవాబొచ్చిందా అక్కా అనేది. వచ్చింది, నీ మందబుర్రలోకి దిగడానికే టైం పడుతోంది అనేది అమ్మ. ఇద్దరూ నవ్వుకునేవారు. ఏళ్ళ తరబడి అదే జోకు, అదే నవ్వు.

మేం పనిచేసేది ఇత్తడి పోత షెడ్డులో. కుళాయిలు, పంపు చక్రాలు, తలుపుల పిడులు పోస్తాం. పోసినవి చల్లారాక అంచులకు మిగిలిన ముళ్ళను ఆకురాయితో అరగదీయడం నా పని. పిన్నిది ఇసక పని. ఇసకను జల్లెడ పట్టి, నీళ్ళు చిలకరించి, పారతో తిరగేసి, పెట్టెల్లో కూరి అచ్చులు చేస్తుంది. కాగిన ఇత్తడిని ఆ అచ్చుల్లోనే పోస్తారు. ఇసకలో తడి తక్కువైతే అచ్చు రాలిపోతుంది. ఎక్కువైతే అంతకంటే ప్రమాదం. నిప్పులాంటి లోహం తగలగానే తడి ఆవిరై, పోసిన లోహాన్ని పైకి చిమ్మేస్తుంది. అందుకని పిన్ని గుప్పెడు ఇసక తీసి గట్టిగా పిండి చూస్తుంది. ముద్ద కట్టాలి, విరిస్తే శుభ్రంగా రెండు ముక్కలు కావాలి, అరచేతికి తడి అంటకూడదు. ఇంటికొచ్చాక చపాతీ పిండి కూడా ఆవిడ అలాగే పిండి చూస్తుంది. పాడు అలవాటు.

కొలిమిలో కాగిన ఇత్తడిని అచ్చుల దగ్గరికి మోసుకెళ్ళే గరిటె ఒకటుంది. పేరుకు గరిటె, నిజానికి బిందెంత ఉంటుంది. దానికి అటూ ఇటూ పొడుగాటి ఇనుప కాడలు. ఇటు ఒకరు, అటు ఒకరు పట్టుకుని మోయాలి. మా షెడ్డులో దాన్ని పల్లకీ అంటారు. లోపలి పెళ్ళికొడుకు కొంచెం వేడిమనిషి, అంతే. ఒకరు ముందు, ఒకరు వెనక కాదు. ఇద్దరూ ఒకే అడుగు వేయాలి, ఒకే ఎత్తున పట్టాలి, ఒకేసారి వంచాలి. అటు కొస పట్టుకున్నవాళ్ళ మీద నమ్మకం లేకపోతే ఇటు కొస పట్టుకోవడం కుదరదు. చాలా ఏళ్ళుగా ఒక కొస పిన్నిదీ, ఇంకో కొస స్తోత్రాలయ్యదీ.

స్తోత్రాలయ్య ఆయన అసలు పేరు కాదు. నడుస్తున్నా, తింటున్నా, గ్లౌజులు తొడుక్కుంటున్నా నోట్లో ఏదో ఒక స్తోత్రం నడుస్తూనే ఉంటుందని అందరూ అలా పిలుస్తారు. పిన్ని ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మామయ్య. షెడ్డంతటికీ పెద్ద భక్తుడు ఆయన. షెడ్డంతటికీ ఒక్కగానొక్క నాస్తికురాలు మా పిన్ని. ఇద్దరికీ పల్లకీ మీద అడుగు తప్పింది ఏనాడూ లేదు.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పోత మొదలుపెట్టే ముందు అందరూ పనులు ఆపి కొలిమి చుట్టూ చేరతారు. ఓ నిమిషం కళ్ళు మూసుకుని ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు. నాలుగు రకాల దేవుళ్ళకు మొక్కేవాళ్ళున్నారు మాలో. ఒకరి ప్రార్థన ఇంకొకరికి వచ్చి చావదు. అందుకే పైకి ఏమీ అనకూడదని, మనసులోనే అనుకోవాలని ఎప్పుడో ఎవరో పెద్దమనిషి పెట్టాడట. మంచి పద్ధతి. నిప్పుతో పనిచేసేవాళ్ళకు ఆ నిమిషం కావాలి. నేనూ ఆ నిమిషంలో ఆకురాయి కిందపెట్టి కళ్ళు మూసుకుంటాను.

పిన్ని మాత్రం ఆ నిమిషంలో అచ్చుల వరస వెంట తిరిగేది. ఒక్కో అచ్చు దగ్గరా వంగి, అంచున చిటికెడు ఇసక తీసి, వేళ్ళతో నలిపి చూసేది. చెప్పులు ఇసకలో సరసరమనేవి. ఎవరూ ఏమీ అనేవారు కాదు. నాస్తికమ్మా, మీ ఇసక దేవుడు ఏమంటున్నాడు అని కొలిమి మంట చూసుకునే కొలిమాయన ఏడిపించేవాడు. పొడిగా ఉన్నానంటున్నాడు తమ్ముడూ, ఇక కానివ్వు అనేది పిన్ని. ఆ మాటతో పోత మొదలయ్యేది.

ఆ రోజు రాత్రంతా వాన పడింది. పొద్దున షెడ్డుకు రాగానే స్తోత్రాలయ్య పిన్ని దగ్గరికొచ్చాడు. నేను పక్క బల్ల మీదే ఉన్నాను. ఆయన నోట్లో స్తోత్రం లేదు, మొదట నాకదే వింతగా తోచింది. కూతురికి ఆ రోజే ఆపరేషను. భార్య ఆస్పత్రిలో ఉంది. పెద్ద ఆర్డరుంది కాబట్టి పోత అవ్వగానే ఈయన వెళ్ళాలి. ఈ సంగతులన్నీ మాకు తెలిసినవే. ఆయన అవే మళ్ళీ చెప్పి, కాసేపు గ్లౌజులు నలుపుతూ నిలబడ్డాడు.

"చెల్లెమ్మా, నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇవాళ ఆ నిమిషంలో నా పక్కన నిలబడి కళ్ళు మూసుకుంటావా? నమ్మమనడం లేదు. అందరం కలిసి అడిగితే బాగుంటుందని ఏదో ఆశ."

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. సరే అన్నయ్యా అంది.  ఆ స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. రాయికైనా ఆ మొహం చూస్తే కాదనబుద్ధి కాదు.

పోత వేళకు పిన్ని ఆయన పక్కన నిలబడింది. మిగతావాళ్ళ కళ్ళు మూసుకుని ఉన్నాయి కాబట్టి ఆవిడ కళ్ళు మూసుకున్న సంగతి ఎవరికీ తెలియలేదు. నాకు తెలుసు, చూద్దామని ఓరగా చూశాను. తప్పే, కానీ పిన్ని కళ్ళు మూసుకుంటే ఎలా ఉంటుందో చూడకుండా ఎలా ఉండగలను? ఏమీ లేదు, మామూలుగానే ఉంది. పాపం ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియక గ్లౌజులు రెండూ గుండెల దగ్గర పట్టుకుంది. నిమిషం అయిపోయింది. ఇత్తడి కాగింది, ఆగదు. పల్లకీ ఎత్తారు.

కప్పు రేకుల్లో ఒకచోట చిల్లు ఉంది. బాగు చేయించండని మేం అడుగుతూనే ఉన్నాం, చూద్దాం చూద్దాం అని ఓనరుగారు అంటూనే ఉన్నారు. రాత్రి వాననీళ్ళు ఆ చిల్లులోంచి ఒక అచ్చు అంచున బొట్లుబొట్లుగా పడ్డాయి. పైకి ఆరినట్టే ఉంది. మొదటి రెండు అచ్చులూ బాగానే నిండాయి. ఆ మూడో అచ్చులో పోయగానే చిటపటమని చప్పుడొచ్చి, ఇత్తడి పైకి లేచింది. స్తోత్రాలయ్య అటువైపున్నాడు. పాదం మీద పడింది, బూటులోకి దిగింది. ఆయన కొస వదిలేశాడు. పిన్ని వదల్లేదు. ఒక్కతే రెండు చేతులా తన కాడను బిగబట్టి, ఆయన కొస నేలకు ఆనిన చోటే పల్లకీ తిరగబడకుండా నిలిపింది. అది తిరగబడి ఉంటే ఆ వరసలో ఉన్నవాళ్ళెవరూ మిగిలేవారు కాదు. ఆ సంగతి తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

కూతురి ఆపరేషను బాగా జరిగింది. తండ్రి పాదం మాత్రం నెలల తరబడి మంచాన పడేసేలా కాలింది.

మర్నాడు షెడ్డులో అందరూ కూడారు. పిన్ని ముందుకొచ్చి, అచ్చు అంచు తడిగా ఉంది, పోసే ముందు నేను చూసుకోలేదు, తప్పు నాది అని చెప్పింది. అక్కడితో అయిపోవలసిన మాట. కానీ రోజూ చూసేదానివి, నిన్న ఎందుకు చూడలేదు అని కొలిమాయన అడిగాడు. పిన్ని కారణం చెప్పలేదు. చూడలేదు, అంతే అంది. ఆ మౌనం మా కొంప ముంచింది. చూసేకళ్ళకు ఆ ఒక్కరోజే మాయ కమ్మిందంటే ఊరికేనా, ఇన్నేళ్ళ అపచారానికి పైవాడు లెక్క అడిగాడు అని ఒకరన్నారు. అవునవునన్నారు ఇంకొకరు. ఎవరి దేవుడు అడిగాడో మాత్రం ఎవరూ చెప్పలేదు. నలుగురు దేవుళ్ళవాళ్ళూ అంత కలిసికట్టుగా మాట్లాడటం నేనప్పుడే చూశాను. వేరే దేవుడికి మొక్కేవాణ్ణి పక్కన నిలబెట్టుకుని ఇన్నేళ్ళు పనిచేసినవాళ్ళు, ఏ దేవుడికీ మొక్కని మనిషిని ఒక్కరోజులో వేరు చేశారు. రేకుల చిల్లు గురించి నేను నోరెత్తితే, ఓనరుగారు నన్ను ఆకురాయి సంగతి చూసుకోమన్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, పంచుకునేటప్పుడు అందరి పిడికిళ్ళూ మూసుకుపోతాయి.

ఓనరుగారు చెడ్డవాడు కాదు. గొడవ లేకుండా పని సాగితే చాలు ఆయనకు. పిన్నిని పక్కకు పిలిచి మెత్తగా చెప్పాడు.

"ఒక్క నిమిషం, అంతేకదమ్మా. అందరితో పాటు కళ్ళు మూసుకుని నిలబడు. లోపల నువ్వేమనుకుంటే ఎవడిక్కావాలి? కూరగాయల లెక్క వేసుకో. వాళ్ళ భయం పోతుంది, నీ పని నీకుంటుంది."

"ఆ నిమిషంలో నాకు పనుంది సార్," అంది పిన్ని. "తడి చూడనందుకు నన్నేం చేసినా సరే. జీతం కోయండి, అచ్చుల పని తీసేయండి. నమ్మనందుకు మాత్రం ఏమీ చేయొద్దు. ఆయన కాలు కాల్చింది అది కాదు."

అచ్చుల పని తీసేశారు. ఇసక జల్లెడ పట్టమన్నారు. పల్లకీ పట్టొద్దని ఎవరూ అనలేదు, అనక్కర్లేదు కూడా. పిన్ని కొస పట్టుకుంటే రెండో కొస పట్టుకోవడానికి ఒక్కరూ రాలేదు. చూస్తుండగానే ఓనరుగారు గడువు కూడా పెట్టారు. ఈ నెలాఖరు లోపల అందరితో కలిసి నిలబడాలి, లేదంటే వేరే పని వెతుక్కోవాలి. ఈ వయసులో, కొలిమి పని తప్ప ఇంకోటి చేతకాని మనిషికి వేరే పని ఎవరిస్తారు?

పిన్ని ఏం చేసిందంటే, రోజూ పోత వేళకు జల్లెడ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని వెళ్ళి పల్లకీ దగ్గర తన కొసన నిలబడేది. వాళ్ళంతా కొలిమి చుట్టూ కళ్ళు మూసుకునేవారు. ఈవిడ అక్కడ కళ్ళు తెరుచుకుని నిలబడేది. ప్రార్థన అయ్యాక కొలిమాయన, ఇంకొకతను వచ్చేవారు. జరుగక్కా అనేవాడు కొలిమాయన, ఆవిడ మొహం చూడకుండా. ఆవిడ జరిగేది. మర్నాడు మళ్ళీ వెళ్ళి నిలబడేది. ఎందుకు పిన్నీ ఈ అవమానం అని అడిగితే, అవమానం జరగమనేవాళ్ళది, నిలబడేవాళ్ళది కాదు అంది. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం అని అప్పుడు విసుక్కున్నాను.

కొలిమాయన మీద నాకు ఒళ్ళు మండేది. కానీ నిజం చెప్పాలి. ఆయనకు చిన్నచిన్న పిల్లలు. స్తోత్రాలయ్య బూటు కోసి తీసింది ఆయనే, ఆ పాదం చూసింది ఆయనే. ఆ భయం నాటకం కాదు. పాదం కాలిన కారణం ఏదో ఒకటి చేతికి దొరికితే, దాన్ని బయటికి నెట్టేసి నిశ్చింతగా ఉందామనుకున్నాడు. తడి రోజూ కొత్తగా వస్తుంది, ఎప్పుడూ కాచుకుని ఉండాలి. మా పిన్నినైతే ఒక్కసారి నెట్టేస్తే చాలు.

ఇంట్లో నవ్వులు పోయాయి. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటే నీ సొమ్మేం పోయిందే అని అమ్మ రోజూ సణిగేది. ఒకరోజు పట్టలేక, అమ్మ వినకుండా నేను పిన్నిని నిలదీశాను. ఆ రోజు ఆయన అడిగాడనీ, ఆయన కోసమే కళ్ళు మూసుకున్నావనీ చెప్పేయొచ్చుగా, నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను అన్నాను. పిన్ని జల్లెడ పట్టిపట్టి కాయలు కాసిన చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"కూతురి కోసం అడిగాడే ఆయన. పాదం కాలింది చాలు. నా ప్రార్థన వల్లే కాలిందని మనసు కూడా కాల్చుకోమంటావా? నోరు విప్పావంటే నా మీద ఒట్టే."

దేవుడు లేడనే మనిషి ఒట్లు మాత్రం బాగానే వేయిస్తుంది. నేను నోరు మూసుకున్నాను.

స్తోత్రాలయ్యను చూడటానికి పిన్ని వెళ్తే ఆయన భార్య గుమ్మంలోనే నిలబెట్టి, నిద్రపోతున్నారని పంపేసింది. అందుకని పళ్ళూ అవీ నాకిచ్చి పంపేది. నేను వెళ్ళినప్పుడు ఆయన మంచం మీద కాలు ఎత్తులో పెట్టుకుని ఉన్నాడు. కూతురు పక్కన కూర్చుని మందులు ఇస్తోంది, తేరుకుంది. ఆయన అందరి యోగక్షేమాలూ అడిగి చివరికి, మీ పిన్నికి అటు కొస ఎవరు పడుతున్నారమ్మా అని అడిగాడు.  ఒట్టు వేయించింది ఒక్క విషయానికే కాబట్టి, పిన్ని ఇప్పుడు ఇసక జల్లెడ పడుతోంది మామయ్యా అన్నాను. ఎందుకు అని అడగలేదు ఆయన. మొహం గోడవైపు తిప్పుకున్నాడు.  నెలాఖరు వరకే గడువిచ్చారని కూడా చెప్పేసి లేచి వచ్చేశాను.

గడువు రోజు పొద్దున అమ్మ ప్రార్థన ఎప్పటికంటే పొడుగ్గా సాగింది. పిన్ని వంటింట్లో ఎప్పటిలాగే సన్నగా కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది. ఇక ఇవాళ ఆ చివరి మాట ఎలాగూ తప్పదని ఇద్దరం చెవులు రిక్కించాం. మంచి బుద్ధి మాట రాలేదు. అమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. అన్నం డబ్బా తనే కట్టి పిన్ని చేతికిచ్చింది.

"ఏడాదికేడాది నీకు బుద్ధిమ్మని అడిగాను. ఇన్నాళ్ళూ నా ప్రార్థనకి చప్పుడు కాకుండా చూసిన దానివి నువ్వు. నిన్ను మార్చమని ఇంక అడగను. వెళ్ళు. నిలబడాల్సిన చోటే నిలబడు," అంది.

 పిన్ని డబ్బా తీసుకుంది. వీధి చివరిదాకా నా వైపు చూడకుండా నడిచింది, ఏడుస్తున్నట్టు నాకు తెలియకూడదని. నాకు మాత్రం తెలియదా?

పోత వేళయింది. అందరూ కొలిమి చుట్టూ చేరారు. ఓనరుగారు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు, ఏ సంగతో తేల్చడానికి. పిన్ని గ్లౌజులు తొడుక్కుని పల్లకీ దగ్గరికే వెళ్ళింది, కొలిమి దగ్గరికి కాదు. ఓనరుగారు గొంతు సవరించుకున్నారు. అప్పుడే బయట ఆటో ఆగింది. స్తోత్రాలయ్య కూతురి భుజం పట్టుకుని దిగాడు. ఒక కాలికి బూటు, రెండో కాలికి కట్టు మీద వదులు చెప్పు. కుంటుకుంటూ వచ్చి, ఎవరినీ పలకరించకుండా, నేరుగా పల్లకీకి అటు కొసన నిలబడ్డాడు. పిన్ని మొహం పాలిపోయింది.

నీకేమైనా మతిపోయిందా అన్నయ్యా, ఆ కాలితోనా, మళ్ళీ ఈవిడతోనా అన్నాడు కొలిమాయన.

"ఆ రోజు ఈవిడ కళ్ళు మూసుకుంది," అన్నాడు స్తోత్రాలయ్య. "మీకెవరికీ తెలియదు. నేనే బతిమాలాను. నా బిడ్డ కోసం నా పక్కన నిలబడమన్నాను. నా మాట కాదనలేక నిలబడింది. అందుకే తడి చూడలేదు."

చెప్పొద్దనుకున్నాను కదా అన్నయ్యా అంది పిన్ని, కోపంగానే.

"నువ్వు అనుకున్నావు. నేను అనుకోలేదు," అన్నాడు ఆయన. తర్వాత అందరి వైపూ తిరిగాడు. "మంచం మీద పడుకుని నేను ఆలోచించింది ఇదే. ఇన్నేళ్ళూ నేను కళ్ళు మూసుకుంటే, అచ్చుల దగ్గర ఈవిడ చెప్పుల చప్పుడు వినబడేది. సరసర, సరసర. ఆ చప్పుడు వింటూ హాయిగా ప్రార్థన చేసుకునేవాణ్ణి. ఆ రోజు ఆ చప్పుడు లేదు. ఏదో వెలితిగా ఉందని నాకు తెలిసింది, అయినా కళ్ళు తెరవలేదు. నా బిడ్డని దేవుడే కాపాడాడు, అందులో నాకేమీ అనుమానం లేదు. కానీ ఈవిడకు ఉన్న పని మాన్పించి నా పని చేయించాను. తప్పు నాది. ఇక ఎవరైనా ఈవిణ్ణి కళ్ళు మూసుకోమంటే నేను ఒప్పుకోను. ఆవిడ చూస్తుంటేనే నేను మూసుకుంటాను."

 ఓనరుగారు గడువు సంగతి ఎత్తలేదు. మరి దేవుడికి కోపం రాదా అని కొలిమాయన మెల్లగా అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. కాలింది నా కాలు, ఆయనతో నేను మాట్లాడుకుంటాలే అన్నాడు స్తోత్రాలయ్య.

ప్రార్థన మొదలైంది. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు మూసినట్టు మూసి సందుల్లోంచి చూశారు. పిన్ని అచ్చుల వరసలోకి వెళ్ళింది. ఆ అచ్చుల్ని తను చేయలేదు, అయినా ఒక్కోదాని దగ్గరా వంగింది, చిటికెడు తీసింది, నలిపింది. ఆ రోజు నిమిషం నిమిషంలా లేదు, చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆవిడ చివరి అచ్చు చూసి వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు.

స్తోత్రాలయ్య పల్లకీ కాడ పట్టుకుని ఎత్తబోయాడు. కట్టు ఉన్న కాలు మీద బరువు పడగానే వణికింది, పళ్ళు బిగించాడు. వద్దన్నయ్యా అంది పిన్ని. ఇంకెవరు పడతారు అన్నాడు ఆయన. ఆ ప్రశ్నకు షెడ్డులో అందరూ నేల చూపులు చూశారు. నేను ఆకురాయి కింద పెట్టాను. పల్లకీ మోయడం నాకు రాదు, మోయగలనో లేదో తెలియదు, అయినా లేచాను.

నాకంటే ముందు కొలిమాయన కదిలాడు. స్తోత్రాలయ్య భుజం పట్టుకుని పక్కకు జరిపి, ఆ కొసన తను నిలబడ్డాడు. చెమటతో మొహం నిగనిగలాడుతోంది. పెదవులు కదులుతున్నాయి, ఏదో ప్రార్థన ఇంకా అవలేదు. పిన్ని ఆయన ప్రార్థన అయ్యేదాకా ఆగింది.

"అన్నీ చూశావా అక్కా?"

"చూశాను తమ్ముడూ."

"అయితే ఎత్తు మరి," అన్నాడు. ఇద్దరూ ఎత్తారు.